కౌన్సెలింగ్‌కు వెళ్తూ ఏడాది దాటాక: గుట్టు ఎంతవరకు నిలిచింది

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒకరింట జరిగిన సంగతి సాయంత్రానికల్లా ఆంధ్ర సరిహద్దు అవతల పాతపట్నం చుట్టాలకు చేరిపోతుంది కనుక, నిద్ర పట్టని బాధకన్నా ఆ సంగతి నలుగురికీ తెలిసిపోతుందన్న భయమే నన్ను ఎక్కువకాలం ఆపింది. చివరకు బరంపురంలో తెలుగు మాట్లాడే ఒక కౌన్సెలర్ దగ్గర చేరాను. నౌపడా మీదుగా రైల్లో వెళ్లవలసిన ఆ దూరమే నాకు ధైర్యమిచ్చింది.

మొదటి రోజు సలహాలేవీ ఉండవు. నిద్ర, ఆకలి, కుటుంబంలో ఎవరికైనా ఇటువంటి బాధ ఉందా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడుగుతారు. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలున్న కాగితం ఒకటి నింపిస్తారు. మందులు తాను రాయనని, అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతానని కూడా ఆమె అప్పుడే చెప్పారు. నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ తరువాతి మాట. నేను చెప్పినది నా అనుమతి లేకుండా భర్తకు కూడా చెప్పనని, నా ప్రాణానికి గాని మరొకరికి గాని ముప్పు ఉన్నప్పుడు, లేదా కోర్టు అడిగినప్పుడు మాత్రమే మినహాయింపు ఉంటుందని విడమరచి చెప్పారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గోప్యతను హక్కుగానే గుర్తించింది. ఆ సంబరంలో, నాలాగే సతమతమవుతున్న మా పిన్ని కూతురితో, అక్కడ చెప్పిన మాట గడప దాటదని గట్టిగా చెప్పాను.

తరువాత ఒకనాడు నేను తరగతిలో ఉండి సెల్లు కట్టేసిన వేళ, ఫారంలో అత్యవసరానికని రాసిన ఇంటి నంబరుకు అక్కడి సహాయకురాలు ఫోను చేసి, రేపు కౌన్సెలింగు ఉందని మా అత్తగారికి గుర్తుచేసింది. ఇల్లు చేరేసరికి ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. "ఏటమ్మా, నీకేటైనాదని అక్కడికి ఎళ్తన్నావు?" అన్నారు. మర్నాటికి ఇచ్ఛాపురంలోని ఆడపడుచుకూ కబురు అందింది. బరంపురం వెళ్లిందంటే పట్టుచీర తెస్తుందనుకునే ఇల్లు మాది.

మానేద్దామన్నంత కోపంతో వెళ్లి కడిగేశాను. కౌన్సెలరు సహాయకురాలి మీదకు నెట్టకుండా, బాధ్యత తనదేనని ఒప్పుకుని, నా ఫారం తెప్పించి, ఏ నంబరుకు, ఏ వేళ, ఏమని ఫోను చేయాలో నా ఎదుటే రాయించి, ఇంటి నంబరు పక్కన ప్రాణాపాయంలో తప్ప వాడకూడదని ఎర్ర సిరాతో గీత గీశారు. మిగిలిన సమయమంతా తాను మా అత్తగారి పాత్ర వేసి నన్ను ప్రశ్నలు అడిగారు. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. మూడోసారికి కౌన్సెలరు "ఏటమ్మా" అనగానే నవ్వు ఆగలేదు. "నిద్ర పట్టక వెళ్తున్నానత్తా, అక్కడ మాట్లాడించి పంపిస్తారు, అంతే" అన్న చిన్న వాక్యం అక్కడే తయారైంది. ఇంట్లో అదే చెప్పాను. అత్తగారు మెత్తబడ్డారనలేను గాని, మళ్లీ అడగలేదు. అన్ని నెలల మాటల్లోనూ నాకు ఎక్కువగా పనికివచ్చింది ఆ ఒక్క పూటే.

అందువల్ల మొదట పొగిడిన గోప్యతను ఇప్పుడు కొంత తగ్గించి చెబుతున్నాను. కౌన్సెలరు నోరు నమ్మదగినదే. ముందు బల్ల దగ్గర కూర్చునేవారి సంగతి విడిగా అడిగి తెలుసుకోవాలి. వీడియోలో మాట్లాడే ఏర్పాటు ఉంది గాని, పలచటి గోడల ఇంట్లో అది నాకు కుదరలేదు.

ఇదంతా జీతం ఉండి, భర్త అడ్డుచెప్పని నా పరిస్థితిలోంచి రాసినది. రైలు ఛార్జీ, ఫీజు ప్రతిసారీ భరించలేనివారు 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీమానస్‌కు, 14416 నంబరులో, ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మా పిన్ని కూతురు బరంపురమే వెళ్తానంటోంది. ఫారంలో అత్యవసరానికి ఎవరి నంబరు రాయాలో తేల్చుకున్నాకే వెళ్లమన్నాను.