తెగువా, ఓపికా? కలంకారీ గుడ్డ మీద లెక్క

శ్రీకాళహస్తి కలంకారీలో ముందు చింతబొగ్గుతో గీస్తారు. అది దులిపితే పోతుంది. తర్వాత వెదురు కలంతో నల్లరంగు పెడతారు. కరక్కాయ, గేదెపాలలో నానిన గుడ్డ మీద పడ్డ ఆ గీత ఇక చెరగదు. తెగువ కావాల్సింది ఇక్కడే. చెయ్యి వణికితే అమ్మవారి కనుబొమ్మ వంకరపోతుంది.

ఓపిక సంగతి వేరు. ఆ నల్లరంగు కోసమే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టాలి. ఎరుపు పట్టాల్సిన చోట పటిక పూయాలి, రంగునీళ్లలో ఉడికించాలి, పారే నీటిలో జాడించాలి, ఎండలో ఆరబెట్టాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేకపోతే అదో తంటా. తర్వాత పసుపు, నీలం. మధ్యలో మళ్లీ మళ్లీ ఉతుకు.

పొగడ్తలన్నీ తెగువకే దక్కుతాయి. కానీ దాని పని కొన్ని గంటలు, మిగతా రోజులన్నీ ఓపికవే. నన్నడిగితే శిష్యుడిలో ముందు ఓపికే చూడాలి. తెగువ తక్కువైనవాడు పాత నమూనాలే గీసుకుంటూ నెట్టుకొస్తాడు, బొమ్మలో జీవం కాస్త తగ్గుతుందంతే. ఓపిక లేనివాడు కరక్కాయ దగ్గరే విసిగి రసాయన రంగుల డబ్బా కొంటాడు. అదీ తప్పనలేను, కూలి గిట్టాలి కదా.