ఫిషర్‌కి ఏది మేలు: ఇసబ్‌గోలా, త్రిఫలా, జాత్యాది తైలమా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే మూడూ కొని ఇంట్లో పెట్టుకుని ఉంటారు. ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి అన్నదే వాళ్ళ సందేహం. ఫిషర్ అంటే మలద్వారం దగ్గర పడే చీలిక అని వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మోషన్‌కి వెళ్ళొచ్చాక గంటల తరబడి కోతపెట్టే ఆ నొప్పే చెప్పేసి ఉంటుంది.

నేను ముందు చూసేది ఒక్కటే: రేపు పొద్దున మోషన్ ఎలా అవుతుంది? చీరిన చోట ఎంత మంచి మందు రాసినా మర్నాడు గట్టిగా వస్తే మళ్ళీ చీరుతుంది. నొప్పికి మలద్వారం లోపలి కండరం బిగుసుకుంటుంది, దాంతో అక్కడికి రక్తం సరిగా అందదు, పుండు మానదు. నొప్పికి జడిసి బాత్రూమ్‌కి వెళ్ళడం వాయిదా వేస్తే మలం ఇంకా గట్టిపడుతుంది. అందుకని పైన రాసే మందు కంటే లోపలికి తీసుకునేదే నాకు ముఖ్యం. అది మోషన్‌ని మెత్తబరచాలి, కానీ నీళ్ళలా చెయ్యకూడదు. నాలుగైదుసార్లు పల్చగా వెళ్ళినా పుండు రేగుతుంది.

ఇలా చూస్తే నా ఓటు ఇసబ్‌గోల్‌కే. ఇది గింజ మీది పొట్టు. పంట ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌లది. పేగుల్ని తొందరపెట్టదు, నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తగా ఉంచుతుంది, అంతే. ఒక చెంచా పొట్టు పెద్ద గ్లాసు నీళ్ళలో వేసి కలపండి. మొదట పైన తేలుతుంది, కాసేపటికే జిగురుగా చిక్కబడుతుంది. చిక్కబడకముందే తాగేసి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. ఈ రెండో గ్లాసునే చాలామంది వదిలేస్తారు. నీళ్ళు చాలకపోతే మలబద్ధకం తగ్గకపోగా పెరుగుతుంది. పొడిపొట్టు నోట్లో వేసుకుంటే గొంతులో అడ్డం పడే ప్రమాదమూ ఉంది. మన ఇళ్ళల్లో విరేచనాలు కట్టడానికి ఇదే పొట్టుని పెరుగులో కలిపి పెడతారు కదా, ఫిషర్‌కి కూడా అలాగే తిని “పనిచెయ్యలేదు” అనేవాళ్ళున్నారు. మరి నీళ్ళేవీ?

ఒక్క రాత్రిలో ఫలితం కనపడదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. మొదట్లో కడుపు ఉబ్బరంగా ఉంటే అర చెంచాతో మొదలుపెట్టండి. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు వాటికీ దీనికీ రెండు గంటలు ఎడం ఉంచడం మంచిది.

త్రిఫల చెడ్డదని కాదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మన పెరళ్ళకీ అడవులకీ కొత్తవి కావు. రాత్రి గోరువెచ్చని నీళ్ళతో అర చెంచా తీసుకుంటే పొద్దునే కదలిక వస్తుంది. వగరు తట్టుకోగలిగితే చాలు. కానీ మోతాదు కుదరడమే కష్టం. ఒకరికి అర చెంచా చాలదు, ఇంకొకరికి అదే అర చెంచాకి మూడుసార్లు పరుగే. మామూలు మలబద్ధకానికైతే ఈ తేడా పెద్ద విషయం కాదు. పచ్చిపుండు ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రయోగం టెన్షనే. ఇసబ్‌గోల్‌తో ఉబ్బరం అస్సలు తగ్గనివాళ్ళు దీనికి మారొచ్చు.

జాత్యాది తైలాన్ని ఈ రెండిటికీ పోటీగా చూడకూడదు, దాని పని వేరు. జాజి ఆకు, వేపాకు, పసుపు వంటివి వేసి నువ్వుల నూనెతో కాచే తైలం ఇది. మోషన్‌కి ముందు వేలికొసతో కొంచెం రాస్తే రాపిడి తగ్గుతుంది, తర్వాత రాస్తే మంట కొంత సర్దుకుంటుంది. “అన్నీ మూలికలే కదా” అని మాత్రం ధీమా వద్దు. పాత తయారీ పద్ధతిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కూడా ఉంది, రైతులు తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమంలో కలిపేది అదే. పైపూతకే వాడాలి, అదీ మంట పెరగనంతవరకే.

ఆముదం, సునాముఖి (సెన్నా) పేగుల్ని గట్టిగా కదిలిస్తాయి. ఫిషర్‌కి రోజూ వాడేవి కావు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. “కడుపు శుభ్రం” అంటూ అమ్మే చూర్ణాల్లో చాలావాటిలో సునాముఖి ఉంటుంది, డబ్బా వెనక చదవండి. కలబంద గుజ్జు, కొబ్బరినూనె చల్లగా ఉంటాయి, అంతకు మించి ఆశించొద్దు.

మూలిక కాకపోయినా ఒకటి చెప్పాలి. మోషన్ అయ్యాక టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని పది పదిహేను నిమిషాలు కూర్చుంటే బిగుసుకున్న కండరం వదులవుతుంది. అందులో ఏమీ కలపక్కర్లేదు. ఇసబ్‌గోల్‌తో పాటు ఇది చేస్తే కొత్త ఫిషర్లు చాలావరకు కొన్ని వారాల్లో మానతాయి. నొప్పి పోగానే పొట్టు మానేయకండి, ఇంకొన్ని వారాలు కొనసాగించండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలైనా మానకపోతే అది పాతబడిన ఫిషర్. అప్పుడు ఏ పొట్టు మేలు, ఏ చూర్ణం మేలు అని తర్కించుకోకుండా సర్జన్‌కి చూపించుకోవాలి. కండరాన్ని వదులుచేసే డిల్టియాజెమ్ లాంటి ఆయింట్‌మెంట్లున్నాయి, వాటికీ లొంగకపోతే చిన్న ఆపరేషన్ ఉంది. చీము, జ్వరం, నల్లటి మలం, బరువు తగ్గడం ఉంటే మాత్రం అన్ని వారాలు ఆగకూడదు. “ఆపరేషన్ లేకుండా మూడు రోజుల్లో” అని బోర్డు పెట్టి సూది మందు వేసేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.