ఫొటోలకూ బొమ్మలకూ కానన్ లైడ్ 400: చాలాకాలం వాడాక

కానన్ లైడ్ 400 స్కానర్ ఎ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 8 సెకన్లలో స్కాన్ చేస్తుందని కంపెనీ చెప్తుంది. చేస్తుంది కూడా. కానీ ఆల్బమ్ ముందేసుకుని కూర్చుంటే అసలు పొద్దు పోయేది ఫొటోలు ఊడదీసి, దుమ్ము దులిపి, గాజు మీద సర్ది, ఆనక కత్తిరించడానికే. స్కానర్ వేగం ఇదంతా కలుపుకుని లెక్కేయాలి.

ఆ లెక్కన ఇది మంచి యంత్రం. ఒక్క యూఎస్‌బీ తీగతోనే నడుస్తుంది, వేరే కరెంటు ప్లగ్గు అక్కర్లేదు. నాలుగు ఫొటోలు పరిస్తే నాలుగు ఫైళ్లుగా తనే విడదీస్తుంది. ఫొటోల మధ్యా, గాజు అంచుల దగ్గరా సెంటీమీటరు జాగా వదలాలి, లేకపోతే రెండూ అతుక్కుని ఒకే ఫైలవుతాయి. 3.5×5 అంగుళాలవి నాలుగు సుఖంగా పడతాయి, 4×6వి రెండే.

ఫొటోలకు 600 డీపీఐ పెట్టండి. 4×6 ఫొటో 2400×3600 పిక్సెళ్లొస్తుంది, రెట్టింపు సైజులో ప్రింటు వేసుకోవచ్చు. పాస్‌పోర్టు సైజు వాటికి 1200 పెట్టొచ్చు. పెట్టె మీద ఉన్న 4800 ప్రింట్లకు పనికిరాదు. ఫైలు లావెక్కుతుంది, కాగితంలో లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది? పట్టుగుడ్డ లాంటి గరుకు ప్రింట్లు మాత్రం తెల్లతెల్లని చుక్కలతో వస్తాయి, వెలుతురు ఒక పక్క నుంచే పడుతుంది కాబట్టి. ఒకసారి మామూలుగా, ఒకసారి ఫొటో తల కిందికి వచ్చేలా తిప్పి స్కాన్ చేసి, రెండోదాన్ని కంప్యూటర్లో నిటారు చేసి, రెండిటినీ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పేర్చి పైదాన్ని 50 శాతం పారదర్శకం చేస్తే చాలావరకు పోతాయి.

బొమ్మల దగ్గర ఆటో సవరణలన్నీ ఆపేయాలి. అవి ఉంటే పల్చటి పెన్సిల్ గీతలూ, నీటిరంగుల లేత పూతలూ కాగితం తెలుపులో కలిసిపోతాయి. రెండు పక్కలా గీసిన పల్చటి కాగితానికి వెనక నల్ల చార్టు పెడితే అవతలి బొమ్మ కనపడదు. ఎ3 బొమ్మను రెండు ముక్కలుగా, మధ్యలో కొంత మేర రెండిట్లోనూ వచ్చేలా, కాగితం తిప్పకుండా జరిపి తీయాలి. తిప్పితే కాగితం గరుకు నీడలు మారి అతుకు కనిపిస్తుంది. బొగ్గు, పేస్టెల్ బొమ్మల్ని గాజు మీద ఈడ్చకూడదు.

దీనికున్న అసలు పరిమితి సీఐఎస్ సెన్సర్, అంటే కాగితానికి బాగా దగ్గర నుంచి చదివే రకం. గాజును తాకి ఉన్నది మాత్రమే స్పష్టంగా వస్తుంది, కొంచెం పైకి లేచినా మసక. చెన్నై ఉక్కకు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన తాతల ఫొటోలు దీనితో కుదరవు. వాటిని పీకొద్దు, పై పొర ఊడొస్తుంది. కెమెరాతో గానీ, ఎప్సన్ వీ600 లాంటి సీసీడీ స్కానర్‌తో (కటకం ద్వారా చూసే రకం, కాస్త ఎత్తులో ఉన్నదీ స్పష్టంగా వస్తుంది) గానీ తీయాలి. నెగెటివ్‌లకూ వీ600నే చూడాలి, వాటి గుండా వెలుతురు పంపడానికి మూతలోనే దీపం ఉంటుంది. విడి ఫొటోలు వేలల్లో ఉంటే ఫొటోల్ని ఒక్కొక్కటిగా లోపలికి లాక్కునే ఎప్సన్ ఫాస్ట్‌ఫొటో ఎఫ్ఎఫ్-680డబ్ల్యూ సెకనుకొకటి లాగుతుంది. కానీ జిగురంటిన ఆల్బమ్ ఫొటోలు, బొమ్మలు అందులో పెట్టకూడదు. లోపలి గాజు మీద చిన్న దుమ్ము పడినా వరసగా ప్రతి ఫొటో మీదా నిలువుగీత వస్తుంది.

గాజు తుడిచే ద్రవం గుడ్డ మీదే చల్లాలి. గాజు మీద చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో స్కానర్‌ను సిలికా జెల్ పొట్లాలతో మూతున్న డబ్బాలో పెట్టాలి. లోపల బూజు పడితే విప్పడం తప్ప దారి లేదు. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనేవాళ్లు అక్కడే ఒక నల్ల కాగితం 600లో స్కాన్ చేయించి, తెరమీద పెద్దది చేసి గీతలూ మచ్చలూ చూసుకున్నాకే బిల్లు కట్టండి.