రెండు కమాన్ పట్టీలు ఎక్కించి, దించిన కథ: ఏడున్నరేండ్ల పికప్ మీద నా మాట

2018 దసరాకు తీసుకున్న బండి. టీఎస్ 05 నంబరు, తెల్ల రంగు, ముందు ముక్కున్న పికప్. కంపెనీ పేరు రాస్తలేను. చెప్పబోయే కష్టాల్లో సగానికి పైన నేను చేతులారా తెచ్చుకున్నయే, వాళ్ల మీదికి తోసే ముఖం నాకు లేదు. మీటరు మొన్ననే 2,31,000 దాటింది.

మాది కట్టంగూర్ పక్క ఊరు, విజయవాడ హైవేకు దగ్గర. బత్తాయి సీజన్‌లో తోటల నుంచి హైదరాబాద్ పండ్ల మార్కెట్‌కు, వడ్లప్పుడు మిర్యాలగూడ మిల్లులకు, మధ్యల గొర్లు, ఎరువు బస్తాలు, పెండ్లి టెంటు సామాను. తోట బాట అంటే ఎట్లుంటదో తెలిసినోళ్లకు తెలుసు: ఒక టైరు గట్టు మీద, ఇంకోటి కాలువల. అట్లాంటి బాటల రెండు కిలోమీటర్లు నలిగి, తర్వాత హైవే ఎక్కి డెబ్బై ఎనభై స్పీడుల పోవాలె. ఈ రెండు పనులు ఒకే బండి చేయాలంటే కష్టం. చేసింది గానీ.

ముందు మంచి చెప్తా. ఇంజన్ మీద ఇప్పటికీ పాన పెట్టలే. హెడ్ విప్పలే, నాజిల్స్ ఒక్కసారి టెస్టింగ్‌కు తీసినం, అంతే. బీఎస్4 (పొగ కట్టడి పాత లెక్క) ఇంజన్, కామన్ రైల్, అంటే డీజిల్ కొట్టుడు కంప్యూటర్ చూసుకునే రకం. ఆయిల్ 15డబ్ల్యూ40, పదివేల కిలోమీటర్లకు ఒకసారి, ఫిల్టర్‌తో సహా, బాకీ పెట్టకుండ. ఖాళీగ పోతే లీటరుకు 14, లోడుతో 11. ఏసీ లేదు, స్టీరింగ్ కొంచెం బరువు, సీటు మీద నాలుగు గంటలు కూర్చుంటే దిగినంక నడుము ముందు రాదు, మనిషి ముందొస్తడు. ఇది తెలిసే కొన్నం కాబట్టి మార్కులు కొయ్య.

ఇగ అసలు సంగతి, కమాన్ పట్టీలు. అంటే వెనక ఇరుసు మీద ఒకదాని మీద ఒకటి పేర్చి, బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు.

బండి కొన్న కొత్తల ఏ అడ్డా మీద నిలబెట్టినా పక్క బండ్లోళ్లు మొదలు వెనక్కి వంగి కమాన్ కట్టే చూసేది. "ఇంకా కంపెనీ పట్టీలతోనే తిప్పుతున్నవా అన్నా? రెండు పట్టీలు ఎక్కియ్యి, బండి కుంగదు" అని ఒకరు కాదు, కనబడ్డ ప్రతి ఒక్కరు. ఆర్సీ తీసి చూస్తే ఖాళీ బరువు, నిండు బరువు రెండూ రాసుంటయి. నిండు బరువుల నుంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మన లోడు. నా బండికి అది 1,500 కిలోలు. తోట సేఠ్ అడిగేది మాత్రం రెండు టన్నులు, "అందరు ఏస్తుండ్రు గదా" అని. 2019 ఎండకాలం కత్తెర కాయకు (ఎండకాలపు బత్తాయి కోతకు) ముందు, పక్కకు రెండు చొప్పున నాలుగు పట్టీలు వేయించిన. పొడుగు యూ బోల్టులు, కొత్త సెంటర్ బోల్టులు, మజూరీ అన్నీ కలిపి ఏడువేల లోపే అయింది.

మొదటి నెల నా అంత మొనగాడు లేడనుకున్న. 2,200 కిలోల కాయ పోసినా బండి వెనక బెత్తెడు కూడ కుంగలే. రోడ్డు మీద నిలబడ్డోళ్లు చూస్తే సగం లోడే అనుకుంటరు. అదే కదా కావాల్సింది!

మొదటి ఫిర్యాదు మా అమ్మ నుంచి వచ్చింది. నల్లగొండ దవాఖానకు ఖాళీ బండిల తీసుకపోయిన. వాపసు వచ్చేటప్పుడు "నువ్వు పో బిడ్డా, నేను బస్సుల వస్త" అన్నది. ఖాళీగ ఉన్నప్పుడు కమాన్ అస్సలు పనిచేస్తలేదు, స్పీడ్ బ్రేకర్ మీద వెనక టైర్లు గాల్లోకి లేచి పడుతున్నయి. నవ్వుకున్నం, మర్చిపోయినం.

తర్వాత బ్రేకులు. ముందు డిస్క్ ప్యాడ్లు అంతకు ముందు ముప్పై వేల దాకా వచ్చేది, ఇప్పుడు పదమూడు పద్నాలుగు వేలకే ఇనుము తేలుతున్నది. ప్యాడ్ల తప్పనుకొని ఇంకో రకం వేసిన. అదీ అంతే. ఒకరోజు తెల్లారగట్ల చిట్యాల దాటినంక డివైడర్ సందుల నుంచి పత్తి ట్రాక్టర్ ఒకటి అడ్డం తిరిగింది. బ్రేక్ తొక్కితే బండి ముక్కు నేలకు వంగింది గానీ వెనక నుంచి పట్టే లేదు, ఎవరో తోస్తున్నట్టు ముందుకే పోతున్నది. ట్రాక్టర్ ట్రాలీకి నా బంపర్‌కు మధ్య జానెడు సందు మిగిలింది. ట్రాక్టర్ డ్రైవర్ దిగి చూసి, బీడీ ముట్టిచ్చుకొని, ఏం మాట్లాడకుండ పోయిండు.

ఆ రోజే వెనక డ్రమ్ములు విప్పించిన. లోపల లైనింగులు చూస్తే అరవై వేల కిలోమీటర్లు తిరిగిన వాటి లెక్క లేవు, నిన్న వేసినట్టున్నయి. మా మెకానిక్ చాచా చాపేసుకొని బండి కిందికి జొర్రి, బ్యాటరీ లైటు పట్టి, నన్ను కూడ రమ్మన్నడు. వెనక ఇరుసు పైన, ఛాసిస్‌కు బిగించి అరచేయంత వాల్వు ఒకటుంది. దాని నుంచి సన్నటి కడ్డీ ఇరుసుకు పోతది. లోడు పడితే ఛాసిస్ కుంగి ఇరుసుకు దగ్గరైతది, కడ్డీ కదులుతది, "బరువుంది, వెనక బ్రేకుకు ఆయిల్ ఎక్కువ పంపు" అని వాల్వుకు తెలుస్తది. ఖాళీగ ఉంటే ఛాసిస్ పైకుంటది, వెనక టైర్లు జామై బండి జారకుండ వాల్వు ఆయిల్ తగ్గిస్తది. చాచా ఆ కడ్డీని వేలుతో ఆడించి ఒక్క మాటన్నడు: "పట్టీలు వేసి బండిని కుంగనియ్యలే కదా బేటా. దీని లెక్కన నువ్వు ఏడేండ్ల సంది ఖాళీగనే తిరుగుతున్నవు." ఏడేండ్లు కాదు, అప్పటికి ఏడాదిన్నర. కానీ విషయం అర్థమైంది. రెండు టన్నుల పైన కాయ మోస్తూ ఖాళీ బండి బ్రేకుతో నడుపుతున్న.

కొందరు ఆ కడ్డీని వంచో, వెల్డింగ్ పెట్టో వెనక బ్రేకు పూర్తిగ వచ్చేటట్టు చేస్తరు. లోడు మీద బాగనే ఉంటది. ఖాళీగ వానల బ్రేక్ కొడితే వెనక భాగం ముందుకొచ్చి కూసుంటది. చాచా చెయ్యనన్నడు, నేనూ అడగలే.

ఇంత తెలిసినంక కూడ పట్టీలు తియ్యలే, అది నా తెలివి. సీజన్ నడుస్తున్నది, సేఠ్ ఫోన్ మీద ఫోను. ముందు ప్యాడ్లు జల్ది మార్చుకుంటే సరిపోతదని సర్ది చెప్పుకున్న. ఆ తర్వాత వరుసగ మొదలైనయి. వెనక లేచినందుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడును వెనక ఇరుసుకు మోసే గొట్టం) కోణం మారింది, దాని జాయింట్ క్రాసులు రెండుసార్లు పోయినయి. ఖాళీగ యాభై దాటితే ఫ్లోర్ కింద నుంచి గున్‌గున్ అని వణుకు. సెంటర్ బేరింగ్ రబ్బరు చినిగింది. ఎడమ వెనక హబ్ బేరింగ్ నార్కట్‌పల్లి దగ్గర వేడెక్కి గ్రీజు మొత్తం డ్రమ్ములకు కారింది. ఆఖరికి 2022 వానకాలంల బండి కడుగుతుంటే వెనక కమాన్ బ్రాకెట్ పక్కన ఛాసిస్ మీద వెంట్రుక లెక్క గీత కనబడింది. గోరుతో గీకితే తుప్పు కాదు, పగులు.

లెక్క సీదా. అంతకు ముందు ఆ దెబ్బలన్నీ కమాన్ తాగేది. కమాన్‌ను నేను బిగదీసినంక దెబ్బ పోయి బేరింగుకు, క్రాసుకు, ఛాసిస్‌కు తగిలింది. పట్టీ ఎక్కిస్తే కమానుకు బలమొస్తది, ఇరుసుకు, బ్రేకుకు, ఛాసిస్‌కు రాదు.

పగులుకు రెండు కొసలల్ల చిన్న బెజ్జాలు వేసి, అది ఇంకా పాకకుండ ఆపి, తర్వాత వెల్డింగ్ చేసి పైన ప్లేటు పెట్టిండ్రు. ఇక్కడ ఒక మాట. కామన్ రైల్ బండికి వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ టెర్మినళ్లు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) సాకెట్ ఊడదీయించాలె, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరగ పట్టించాలె. వెల్డింగ్ పిలగాండ్లు "ఏం కాదన్నా" అంటరు. నిలబడి దగ్గరుండి తీయించుండ్రి.

అదే రోజు నాలుగు పట్టీలు దించిన. వణుకు పోయింది, ప్యాడ్లు మళ్ల ముప్పై వేలకు వచ్చినయి. లోడు 1,500 దాటనిస్తలేను. ఇందుల నష్టం లేదని అబద్ధం చెప్ప. సేఠ్ ఇంకో బండి చూసుకున్నడు, ఆ ఏడు బత్తాయి కిరాయి బాగ తగ్గింది. రెండో ఏడు చిన్న రైతులు కలిసిండ్రు, ముగ్గురి కాయ కలిపి ఒక ట్రిప్పు. సంపాదన మునుపటంత లేదు, షెడ్డు ఖర్చు కూడ లేదు. మోటారు వాహన చట్టంల 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు 194వ సెక్షన్ కింద ఇరవై వేలు, పైన టన్నుకు రెండువేలు అని రాసుంది. ఆర్సీల వివరాలు మారేటట్టు బండిని మార్చొద్దని 52వ సెక్షన్ చెప్తది. భయం పెట్టడానికి కాదు, లెక్కల వేసుకోను చెప్తున్న.

రెండో పెద్ద తలనొప్పి రేడియేటర్. ఇదీ నా పుణ్యమే. మొదటి రెండేండ్లు నీళ్లు తగ్గినప్పుడల్లా ఎక్కడ బోరు కనబడితే అక్కడ బాటిల్ పట్టి పోసిన. మా నల్లగొండ జిల్లా బోరు నీళ్లు మనుషుల ఎముకలనే వంచినయి, బండి ఎంత. ఎముకలను వంచింది ఫ్లోరైడ్, రేడియేటర్‌ను పట్టేది సున్నం. చాయ గిన్నె అడుగున తెల్లగ గార కట్టినట్టే లోపల సన్న గొట్టాలల్ల కడతది. ఏప్రిల్‌ల లోడుతో సూది ఎర్ర గీతకు పోవుడు మొదలైంది. ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వు) తీసి పారేసిండు, "ఇగ జన్మల వేడెక్కదు" అన్నడు. వేడెక్కలే, నిజమే. చలికాలంల అయితే అరగంట తిరిగినా ఇంజన్ వేడెక్కనే లేదు, మైలేజీ లీటరుకు ఒకటిన్నర పడిపోయింది, పొద్దున పొగ. గార కట్టింది రేడియేటర్‌ల అయితే థర్మోస్టాట్ ఏం పాపం చేసింది? రేడియేటర్ విప్పించి రాడ్డింగ్ కొట్టించి (గొట్టాలల్ల కడ్డీ పెట్టి గార తీయించి), కొత్త థర్మోస్టాట్ వేసి, నీళ్లు ముందే కలిపి అమ్మే కూలెంట్ పోసిన. అప్పటి నుంచి సూది సగం దగ్గర మేకు కొట్టినట్టుంది. బండిల ఐదు లీటర్ల కూలెంట్ డబ్బా ఎప్పుడూ ఉంటది.

క్లచ్ సంగతి విచిత్రం. మొదటి ప్లేటు డెబ్బై వేలకే పోయింది. అప్పుడు పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంల ఉండేది, ఎల్బీనగర్ ట్రాఫిక్‌ల నిండు లోడుతో సగం క్లచ్ మీద గంటసేపు. మార్కెట్ బాటసింగారం వచ్చినంక పంతంగి టోల్ దాటి సీదా పోయి దింపుడే. రెండో ప్లేటు లక్ష దాటి ఇంకా నడుస్తనే ఉంది. అందుకే ఎవరన్న "ఫలానా బండి క్లచ్ ఆగదు" అంటే, ఎక్కడ తిప్పుతడో అడుగుతా.

డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దించే స్క్రూ ఉంటది, వానకాలంల నెలకొకసారి విప్పుండ్రి. డబ్బాలల్ల డీజిల్ తెచ్చి పోసేటోళ్లయితే ఇంకా ముందే. నీళ్లు ఇంజెక్టర్ల దాకా పోతే ఖర్చు మామూలుగ ఉండదు.

గొర్లు ఎక్కించేటోళ్లకు ఒక మాట: వాటి మూత్రమంత చెడ్డది ఎరువు కూడ కాదు. సాయంత్రం దించి, తెల్లారి కడుగుదామని పండుకున్న రోజులు లెక్కేస్తే, నా బాడీ అడుగు రేకు పోయింది ఆ రోజులల్లనే. ఇప్పుడు కింద చెక్స్ ప్లేటు, దాని మీద మ్యాట్ పరిచిన. దించిన గంటల కడుగుడే. రేకు సందులల్ల పాత ఇంజన్ ఆయిల్ పూస్తే కొంత ఆగుతది.

మిగిలిన మార్పులల్ల పనికొచ్చినయి రెండే: టర్పాలిన్ కింద ఇనుప కమ్మీలు, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు. ముందు వేయించిన తెల్ల ఎల్ఈడీ బార్ నెలకే తీసేసిన, వైరు కోసి జాయింట్ కొట్టిన చోట ఫ్యూజులు కాలుతుండె.

మా బామ్మర్ది పోయినేడు బీఎస్6 (పొగ కట్టడి కొత్త లెక్క) బండి తీసుకున్నడు. పొగ గొట్టంల మసి ఫిల్టర్ ఉంది, ఊళ్లె ఊళ్లె తిప్పితే లైటు వస్తది. వారానికొకసారి హైవే మీద అరగంట ఆపకుండ నడిపితే మసి కాలి లైటు పోతున్నది. ఎవరో ఫిల్టర్ కోసెయ్యమన్నరట. వద్దని తిట్టిన, విన్నడు.

దసరాకు నా బండికి ఎనిమిదేండ్లు నిండుతయి, అప్పటి నుంచి ఫిట్‌నెస్ ఏటా చేయించాలె. ఛాసిస్ మీద వెల్డింగ్ గీత ప్రతి సర్వీసింగుకు గుడ్డతో తుడిచి చూస్తున్న, పాకలే. ఈ బండి మళ్ల కొంటవా అంటే కొంట, కంపెనీ పట్టీలతోనే తిప్పుతా.

దించిన నాలుగు పట్టీలల్ల ఒకటి కమ్మరికి ఇస్తే గొడ్డలి చేసిచ్చిండు, మూడేండ్ల సంది బత్తాయి మొద్దులు నరుకుతున్నం, అంచు మొద్దువారలే. మూడు కొట్టంల గోడకు ఆనిచ్చి ఉన్నయి. గొడ్డలికి, కొడవలికి ఎవరడిగినా ఉత్తగనే ఇస్తా. బండికి ఎక్కిస్తా అంటే మాత్రం ఇయ్య.