చిగుళ్ళకు ప్రోబయోటిక్ బిళ్ళలు: రెండేళ్ళు వాడాక

జామకాయ కొరికితే కొరికిన చోట ఎర్రటి గీత పడేది. పళ్ళు తోముకుని ఉమ్మితే నురుగు గులాబీ రంగులో ఉండేది. వేడి చేసిందనుకుని ఆరు నెలలు నెట్టుకొచ్చాను. ఆ పొరపాటు మీరు చెయ్యొద్దనే ఇది రాస్తున్నాను.

ఆమదాలవలస నుంచి బస్సెక్కి శ్రీకాకుళంలో దంతవైద్యురాలికి చూపించుకున్నాను. గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరం పంటికీ చిగురుకీ మధ్య దించి, ఆ సందు ఎంత లోతుందో ఆవిడ అంకెల్లో చెబుతుంటే నర్సమ్మ రాసుకుంది: మూడు, మూడు, నాలుగు, ఆరు. 3 మిల్లీమీటర్ల లోపైతే భయం లేదట. కింది దవడ కుడివైపు నాకు 6 వచ్చింది. మత్తు సూది ఇచ్చి, చిగురు కింద వేరు దాకా పట్టిన గారంతా రెండు విడతల్లో తీశారు.

ప్రోబయోటిక్‌ల గురించి, అంటే మేలు చేసే సూక్ష్మజీవులున్న మందుల గురించి, నేనే అడిగాను. ఆవిడ దాచకుండా చెప్పారు: ఐరోపా చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో, ఈ చికిత్సకు తోడుగా వాటిని వాడొద్దనే సూచించారట. కొన్ని పరిశోధనల్లో కాస్త మేలు కనిపించినా, అందరికీ రాయదగ్గంత బలమైన ఆధారం లేదన్నారు. వాడితే హాని లేదు, గార తీయించుకోవడం మాత్రం మానొద్దన్నారు. అది తెలిసే మొదలుపెట్టాను.

మొదటి రెండు నెలలు డబ్బు దండగ. మందుల షాపులో "అదే ఇదీనమ్మా" అని కడుపు కోసం వాడే క్యాప్సూళ్ళు ఇచ్చారు. గుటుక్కున మింగేది నోట్లో ఏం నిలుస్తుంది? చిగుళ్ళ కోసం పరీక్షించినవి ఎక్కువగా చప్పరించే బిళ్ళలు. నేను వాడిన దాంట్లో ఉన్నది లాక్టోబాసిల్లస్ రూటరీ. పెట్టె మీద డీఎస్ఎం 17938, ఏటీసీసీ పీటీఏ 5289 అని రెండు రకాల గుర్తులూ ఉన్నాయో లేదో చూసి కొనండి. 2020లో ఈ సూక్ష్మజీవికి లిమోసిలాక్టోబాసిల్లస్ అని పేరు మార్చారు, కొత్త పెట్టెల మీద అలా ఉన్నా కంగారు పడక్కర్లేదు.

పెట్టె చూసి మా అమ్మ అంది: "ఏటే, ఇంట్లో పెరుగు నేదా? దీనికిన్ని డబ్బులేటే?" న్యాయమైన ప్రశ్నే. పెరుగులోనూ మంచి సూక్ష్మజీవులుంటాయి, కానీ ఈ రకమే ఉంటుందని లేదు, పైగా నోట్లో అంతసేపు ఉండదు. బిళ్ళ అయితే రాత్రి బ్రష్ అయ్యాక నాలుక మీద పెట్టుకుంటే కరగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత మంచినీళ్ళు కూడా తాగను. మొదటి వారం కడుపు కాస్త ఉబ్బరించింది, తర్వాత సర్దుకుంది. నోరు పుక్కిలించే క్లోర్‌హెక్సిడిన్ మాత్రం అదే పూట వాడకండి, అది మంచివాటినీ చంపేస్తుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఇంకోటి, మన మే నెల ఎండ. కొరియర్లో వచ్చిన పెట్టె ముట్టుకుంటే వేడిగా ఉంది. లోపలివి బతికున్నాయో లేదో ఎవరు చెప్పగలరు? అప్పట్నుంచి వేసవికి సరిపడా మార్చిలోనే కొని ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

ఫలితం? మూడు నెలలకు ఆ 6 కాస్తా 4 అయింది. ఇందులో ఎక్కువ వాటా గార తీయడానిదే, పళ్ళ సందుల్లో పెట్టే చిన్న బ్రష్‌దీ. బిళ్ళ వల్ల నాకు గట్టిగా తెలిసింది పొద్దుటి వాసన తగ్గడం, చిగురు అంచుల ఎరుపు త్వరగా దిగడం. ఒకసారి రెండు నెలలు మానేశాను. మూడో వారానికే వాసన తిరిగొచ్చింది, రక్తం మాత్రం రాలేదు. ఈ సూక్ష్మజీవులు నోట్లో కాపురం పెట్టవు, వేసుకుంటున్నన్నాళ్ళే ఉంటాయి. నెలకు 1,200 రూపాయలు ఏడాది పొడుగునా పెట్టడం నాకు భారం. ఇప్పుడు గార తీయించుకున్న ప్రతిసారీ మూడు నెలలు వాడి ఆపేస్తున్నాను. డబ్బు ఒక్కదానికే ఉంటే కళ్ళు మూసుకుని గార తీయించుకోండి.

అమ్మది కళింగపట్నం వైపు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఆవిడది. తన చిగుళ్ళలో ఏనాడూ రక్తం రాలేదని ధీమా. పొగాకు రక్తనాళాల్ని బిగించి ఆ రక్తాన్ని రానివ్వదని, లోపల జబ్బు దాగి ఉంటుందని డాక్టరమ్మ చెప్పాక నాకు నిద్ర పట్టలేదు. మొన్న వేలితో ముట్టుకుంటే కింది ముందు పన్ను కదిలింది. రథసప్తమికి అరసవల్లి వచ్చినప్పుడు చూపించుకుంటానని ఒప్పుకుంది.