రొయ్యల చెరువు గట్టు మీద విపశ్యన: ఏళ్ళ తరబడి చేశాక నా మాట

గోయెంకా గారి పద్ధతిలో పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకు వెళ్ళాలా వద్దా అని ఎవరైనా అడిగితే, వెళ్ళమనే చెబుతాను. కాకపోతే కోర్సు నుంచి వచ్చాక ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చునేవాళ్ళకు ఇంకో పని మిగిలే ఉంటుంది: ధ్యానం కోసం మనసు పడే ప్రయాసను వదలడం. దాని గురించి విడమరచి చెప్పేవాళ్ళు నాకు తక్కువగా కనిపించారు. భీమవరం దగ్గర వనామి రొయ్యల సాగు చేసుకుంటూ చాలాకాలంగా రోజూ కూర్చుంటున్నాను కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

కోర్సు సంగతి క్లుప్తంగా. ఫీజు లేదు, ఇదివరకు కోర్సు పూర్తి చేసినవాళ్ళు ఇచ్చే దానం మీదే నడుస్తుంది. ఫోను తీసుకుంటారు, మాట్లాడకూడదు. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు. రోజుకు సుమారు పది గంటలు కూర్చోవాలి. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరిని గమనించడం, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే అనుభూతులను తల నుంచి పాదాల దాకా చూసుకుంటూ పోవడం. బర్మాలో సయాజీ ఉ బా ఖిన్ దగ్గర నేర్చుకుని గోయెంకా గారు 1969లో మన దేశంలో నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి ఇదే.

కోర్సులో అధిష్ఠానం అనే దాని గురించి మాత్రం కాస్త చెప్పాలి. గంటసేపు కాళ్ళూ చేతులూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవడం, అదీ రోజుకు మూడు పూటలు. దీనివల్ల మేలు ఉంది. మోకాలి నొప్పి పుట్టి, పెరిగి, దానంతటదే సర్దుకోవడం స్వయంగా తెలుస్తుంది. అయితే పళ్ళబిగువున కూర్చునే అలవాటు కూడా చాలామందికి దీనితోపాటే ఇంటికి వస్తుంది. చెరువు గట్టు మీద దోమల మధ్య కూర్చున్నప్పుడు అది ఇంకా బాగా తెలుస్తుంది: కనుబొమల మధ్య ముడి, బిగపట్టిన కడుపు, అంగిటికి అతుక్కుపోయిన నాలుక.

ఆ నాలుక సంగతి బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమనికాయంలో కనపడితే ఆశ్చర్యపోయాను. అందులో 20వ ఉపదేశమైన వితక్కసంఠాన సుత్తంలో, చెడు ఆలోచనలు వదలకుండా వస్తుంటే ఏం చేయాలో బుద్ధుడు ఐదు ఉపాయాలు చెబుతాడు. పళ్ళు బిగించి, నాలుకను అంగిటికి నొక్కి, మనసును మనసుతోనే అణచడం వాటిలో చివరిది. మిగతావేవీ పనిచేయనప్పుడే అది. దానికి ముందున్న నాలుగో ఉపాయం నాకు బాగా పనికొచ్చింది. వేగంగా నడుస్తున్న మనిషి ‘ఎందుకింత వేగం, నెమ్మదిగా నడవచ్చు కదా’ అనుకుని నెమ్మదిస్తాడు. తర్వాత నిలబడతాడు, కూర్చుంటాడు, చివరికి పడుకుంటాడు. నేను చేసేది అంతే. ఊపిరిని గట్టిగా పట్టుకుని చూస్తున్నట్టు తెలిస్తే, ఇంత గట్టిగా చూడకపోతే పోయేదేముంది అని ఒక్కసారి అనుకుంటాను. కనుబొమల ముడిని విప్పడానికి కూడా ప్రయత్నించను. అది ఉందని తెలిస్తే చాలు, చాలాసార్లు దానంతటదే వదులవుతుంది. వదులవకపోతే అలాగే ఉండనిస్తాను.

“చెరువు దగ్గర కూర్చుని ప్రయత్నం వదిలేస్తే ఎలా బావా?” అని మా బావమరిది అడుగుతుంటాడు. అడగాల్సిన ప్రశ్నే. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే పగలు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే (నీటిలో తేలే సూక్ష్మజీవులే) రాత్రంతా దాన్ని వాడుకుంటుంది. ఆ వేళ కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. జనరేటర్ ఆలస్యమైతే పంటే పోతుంది. మామూలుగా నేను కూర్చునేది కూడా ఆ వేళలోనే. కానీ ఏరియేటర్ల చప్పుడు ఆగిన క్షణమే నాకు తెలిసిపోతుంది. దానికోసం చెవులు రిక్కించి కాపలా కాయనక్కర్లేదు, వినడం దానంతటదే జరుగుతూ ఉంటుంది. లేచి వెళ్ళి జనరేటర్ వేస్తాను, అది అందుకున్నాక వచ్చి మళ్ళీ కూర్చుంటాను. ఇన్నేళ్ళలో ఈ సాధన నాకిచ్చిన గొప్ప సంగతి ఇదే: తెలియడం వేరు, తెలుసుకోవాలని బిగుసుకుపోవడం వేరు. పని ఎక్కడా తగ్గలేదు, టెన్షన్ మాత్రం చాలావరకు తగ్గింది.

అలాంటి మరో సంకలనమైన సంయుత్తనికాయం మొదలయ్యేదే ఓఘతరణ సుత్తంతో. వరదను ఎలా దాటావని ఒక దేవత అడిగితే, ఆగకుండా, పెనుగులాడకుండా దాటానంటాడు బుద్ధుడు. ఆగితే మునిగాడట, పెనుగులాడితే కొట్టుకుపోయాడట. లంకల్లో పెరిగినవాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. గోదావరిలో ఈదేవాడు ప్రవాహానికి ఎదురు తిరగడు, చేతులు ముడుచుకుని కూర్చోడు. వాలుగా పోతూ ఒడ్డు అందుకుంటాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. ప్రయాస వదలగానే నిద్ర ముంచుకొస్తుంది, ముఖ్యంగా ఉక్కపోత రోజుల్లో. అప్పుడు కళ్ళు తెరిచి గట్టు మీద నడవడం మేలు. కోనసీమ వైపు వెళ్ళినప్పుడు ఆదుర్రు బౌద్ధ స్తూపం దగ్గర ఇటుకల చుట్టూ నెమ్మదిగా నడవడం నాకు ఎంతో ఇష్టం. ఎవరికైనా ఒక్కసారి చూసిరమ్మని చెబుతాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం నేరుగా ‘అన్నీ వదిలేయడం’తో ప్రారంభించవద్దు. ఊపిరి మీద మనసు కాసేపైనా నిలవనిదే వదలడం అంటే ఏమిటో తెలియదు, ఊరికే పగటికలల్లో పడతారు. డిప్రెషన్ లాంటివాటికి మందులు వాడుతున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా పది రోజుల మౌనానికి వెళ్ళకూడదు. దరఖాస్తులో ఆరోగ్యం గురించి అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మళ్ళీ కోర్సుకు వెళ్తారా అంటే, తప్పకుండా వెళ్తాను. ఈ రొయ్యల పట్టుబడి అయ్యాక దరఖాస్తు పెట్టి, ఈసారి మోకాళ్ళ కోసం కుర్చీ అడుగుతాను.