గోల్ఫ్ జీటీఐ వర్సెస్ మినీ కూపర్ ఎస్: ఏది ఎక్కువ లాగుతది?

ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, మినీ కూపర్ ఎస్, ఈ రెండు కార్లలోనూ 2.0 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజినే, 7 స్పీడ్ డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సే, పవర్ వెళ్లేది ముందు చక్రాలకే. కానీ పేపర్ మీద జీటీఐ క్లియర్‌గా ముందుంది: 265 పీఎస్ పవర్, 370 ఎన్ఎం టార్క్ (అంటే లాగే బలం), 0-100కి 5.9 సెకన్లు. మినీకి 204 పీఎస్, 300 ఎన్ఎం, 6.6 సెకన్లు. టాప్ స్పీడ్ గంటకి 250, 242 కిలోమీటర్లు అంటారు గానీ మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్ఆర్) మీద లిమిట్టే 120, దాటితే చలాన్ సీదా ఫోన్‌కే వస్తది, కాబట్టి ఆ నంబర్లు వాట్సాప్‌లో కొట్టుకోడానికే!

అసలు తేడా తెలిసేది నార్సింగి దగ్గర ర్యాంప్ ఎక్కుతూ తొక్కినప్పుడు... జీటీఐలో ముందు యాక్సిల్‌కి ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ లాక్ ఉంది, వంపులో గట్టిగా తొక్కినా లోపలి చక్రం ఊరికే తిరిగి పవర్ వేస్ట్ చెయ్యదు, ముక్కు వంపులోకే లాగుతది. మినీ చిన్నది, స్టీరింగ్ అలా ముట్టుకుంటే తిరుగుతది, అందుకే 60లో పోతున్నా 90లో ఉన్నట్టే, మజా అదే, కాకపోతే సస్పెన్షన్ గట్టి, మన గుంతల్లో నడుం సంగతి చూస్కోండి. వెనక డోర్లు కూడా లేవు, అత్తమ్మని ఎక్కించడం మీ దయ.

స్పీడే కావాలంటే నా ఓటు జీటీఐకే. లాంచ్‌లో 53 లక్షలు, మినీ 44.9, రెండూ ఎక్స్‌షోరూమే, ఇంకా రోడ్ ట్యాక్స్ కలపలే.